మిగతా నలుగురు

మా మామయ్యకు ఒక జబ్బుంది. లోకంలో ఎవరైనా ఒక వస్తువు కొనాలంటే దాన్ని వాడి బాగుందన్నవాళ్ళను అడుగుతారు. మామయ్య దాన్ని వాడి తిట్టుకుంటున్నవాళ్ళను వెతుక్కుంటూ వెళ్తాడు. బాగుందన్నవాడు ఎదురైతే మర్యాదగా నవ్వి తప్పుకుంటాడు. మండిపడేవాడు దొరికాడా, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని, "ఊఁ, చెప్పండి, ఏమైంది?" అంటాడు. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారని మా అమ్మ ఆయన్ను చూసినప్పుడల్లా అంటుంది. ఆయన స్వయానా ఆవిడ తమ్ముడు కాబట్టి ఆ హక్కు ఆవిడకుంది.

ఈ జబ్బు పుట్టుకతో రాలేదు, ఉద్యోగంతో వచ్చింది. ఫ్యాన్లు, ఫ్రిజ్జులు, మిక్సీలు తయారుచేసే కంపెనీలో, ఫిర్యాదుల విభాగంలో, చేరిన రోజు నుంచి రిటైరైన రోజు దాకా మామయ్య ఒకే కుర్చీలో కూర్చున్నాడు. ఆ విభాగానికి బదిలీ అంటే తోటివాళ్ళు సెలవు పెట్టేసేవారు. మామయ్యకు మాత్రం అది పుట్టిల్లు. మధ్యలో ఒకసారి ప్రమోషన్ ఇచ్చి అమ్మకాల విభాగానికి పంపిస్తే వారం తిరక్కుండా బతిమాలుకుని వెనక్కి వచ్చేశాడు.

"అక్కడ అందరూ నవ్వుతూనే ఉంటారక్కా. ఎవడి మాట నమ్మాలో తెలిసి చావలేదు" అన్నాడు అమ్మతో.

మెచ్చుకునేవాడు మర్యాద కోసం మాట్లాడతాడు, తిట్టేవాడు అనుభవం మీద మాట్లాడతాడు అన్నది ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతం మీదే కాపురం కూడా పెట్టాడు. అత్తయ్యకు అంతకుముందు ఒక సంబంధం కుదిరినట్టే కుదిరి తప్పిపోయింది. మామయ్య తిన్నగా ఆ తప్పిపోయిన పెళ్ళికొడుకు పనిచేసే చెప్పుల దుకాణానికి వెళ్ళి, నాలుగు జతలు తొడిగి చూసే వంకతో అత్తయ్య మీద ఆయనకున్న ఫిర్యాదులన్నీ రాబట్టాడు. మాటకు మాట అప్పజెప్తుంది. పని చేసుకుంటూ పాడుతుంది, శ్రుతి ఉండదు. కోపం వస్తే తలుపులు ధడేలుమని వేస్తుంది. మర్నాడు పొద్దున్నే మామయ్య ఈ సంబంధం నాకిష్టమే అని కబురు పెట్టాడు.

"నా లోపాలన్నీ ముందే తెలుసుకుని చేసుకున్న మనిషి ఈయనొక్కడే" అని అత్తయ్య ఇప్పటికీ గొప్పగా చెప్తుంది. చెప్పి, వంటింట్లోకి వెళ్ళి, తలుపు ధడేలుమని వేస్తుంది.

అన్నిటికన్నా విచిత్రం ఏమిటంటే, ఇంత విచారణ చేసి ఆయన ఏ వస్తువునూ వదులుకోడు. ఎవరు ఏది తిట్టారో సరిగ్గా అదే కొంటాడు. రిటైరయ్యాక వాళ్ళ పడగ్గది ఫ్యాను కాలిపోయింది. ఊరి ఆ చివర ఒక లెక్కల మాస్టారున్నారు. కంపెనీకి రోజూ ఫోన్ చేసి తన ఫ్యాను టకటకలాడుతోందని తిట్టిన మనిషి. మామయ్య ఆ ఎండాకాలమంతా ప్రతి ఆదివారం ఆయన ఇంటికి వెళ్ళి ఆ ఫ్యాను గురించి అడిగి వచ్చాడు.

"ఒరేయ్, నీ సర్వీసంతా ఆ ఫ్యాన్ల మీద తిట్లే విన్నావు కదా. ఇంకా తెలుసుకోవాల్సింది ఏం మిగిలింది?" అంది అమ్మ.

"పాత తిట్లు పాతబడిపోయాయక్కా."

తీరా వానలు మొదలయ్యాక మాస్టారు తిట్టిన ఆ ఫ్యానే తెచ్చి బిగించాడు. అమ్మ నెత్తి కొట్టుకుంది. మామయ్య శాంతంగా, "దీని జబ్బేమిటో నాకు తెలుసు. మిగతావాటి జబ్బులు ఎవరికి తెలుసు?" అన్నాడు. ఈ మాటకు మా ఇంట్లో ఎవ్వరి దగ్గరా జవాబు లేదు. నాన్న దగ్గర అసలు ఏ మాటకూ జవాబు ఉండదు, ఆయన మా ఇంట్లో తటస్థ దేశం.

ఇక నా సంగతికొస్తాను. అప్పుడు నేనొక ఆసుపత్రి వెనక, కృత్రిమ కాళ్ళు తయారుచేసే వర్క్‌షాపులో పనిచేసేదాన్ని. మోకాలి కింద మిగిలిన భాగానికి ప్లాస్టర్ పట్టీలు చుట్టి అచ్చు తీయడం, ఆరిన అచ్చును ఆకురాయితో నునుపు చేయడం నా పని. కాలు ఎలా ఉండాలో నిర్ణయించేది, రోగికి తొడిగి నడిపించేది మాత్రం చదువుకున్నవాళ్ళు. నాకు ఆ చదువు కావాలి. ఆ చదువు మా దగ్గర లేదు. విదేశాల్లో మూడు యూనివర్సిటీలకు దరఖాస్తు పెడితే, నా అదృష్టమో దురదృష్టమో, మూడూ రమ్మన్నాయి.

మూడింటికీ అవి పంపిన పరిచయ పుస్తకాల అట్టల మీద బొమ్మను బట్టి అమ్మ పేర్లు పెట్టింది. ఒకటి కొండ యూనివర్సిటీ. ఒకటి సముద్రం యూనివర్సిటీ. మూడోదాని అట్ట మీద కార్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి, దాని వెనక ఎక్కడో భవనం ఉంది, కాబట్టి అది కార్ల యూనివర్సిటీ. అమ్మ నన్ను ఎదురుగా కూర్చోబెట్టి ఒక మాట చెప్పింది.

"చూడమ్మాయ్, నిన్ను ఒక్కసారే పంపగలం. అక్కడ చదివి ఉద్యోగం దొరక్క తిరిగొస్తే మళ్ళీ పంపే శక్తి మాకు లేదు. నువ్వు ఆ ప్లాస్టర్ పట్టీలు చుట్టుకుంటూ ఉండిపోవాల్సిందే. అందుకని బాగా ఆలోచించి ఏరుకో."

ఆ మాట తర్వాత నాకు అన్నం సహించలేదు. మూడు పుస్తకాలూ పక్కన పెట్టుకుని పడుకునేదాన్ని. మూడింట్లోనూ ఒకే రకం పిల్లలు ఒకే రకం పచ్చిక మీద కూర్చుని ఒకే రకంగా నవ్వుతున్నారు. ఎటు చూసినా నవ్వే, ఎవరి మాట నమ్మాలో తెలియదు. అమ్మ ఆ సంగతి ఫోన్లో తమ్ముడితో అనేసింది. అక్కడే కొంప మునిగింది.

కన్సల్టెన్సీ ఆఫీసుకు మామయ్య మాకన్నా ముందే వచ్చి కూర్చున్నాడు. అద్దాల తలుపు, మల్లెపూల వాసన వచ్చే స్ప్రే, గోడ నిండా టోపీలు గాల్లోకి ఎగరేస్తున్న పిల్లల ఫోటోలు. కన్సల్టెంటు కూడా ఫోటోలోంచి దిగివచ్చినట్టే నవ్వుతున్నాడు.

"కళ్ళు మూసుకుని కొండ యూనివర్సిటీ తీసుకోండి మేడమ్. ఈ కోర్సులో కిందటి బ్యాచ్ వందమంది. ఆరు నెలలు తిరిగేసరికి తొంభై ఆరుగురికి ఉద్యోగాలు."

అమ్మ మొహం వెలిగిపోయింది. నాకూ ప్రాణం లేచొచ్చింది. అప్పుడు మామయ్య కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"మిగతా నలుగురు?"

"ఏంటి సార్?"

"మిగతా నలుగురి ఫోన్ నంబర్లు ఇవ్వండి."

"వాళ్ళవెందుకు సార్? ఉద్యోగాలు వచ్చినవాళ్ళవి ఇస్తాను, మాట్లాడండి."

"వాళ్ళు ఉద్యోగాలు చేసుకుంటుంటారు, పాపం. ఎందుకు విసిగించడం?"

కన్సల్టెంటు నవ్వు కొంచెం తగ్గింది. "అది మాకు యూనివర్సిటీ పంపిన లెక్క సార్. నలుగురు అంటే, అంటే, అది ఒక అంకె."

"అంకెకు ఉద్యోగం రాలేదని ఎలా తెలిసింది? ఎవరో ఒకరు అడిగుంటారు కదా."

అమ్మ బల్ల కింద నుంచి మామయ్య తొడ గిల్లబోయి నాది గిల్లింది. కన్సల్టెంటు గొంతు సవరించుకుని, ఏ యూనివర్సిటీకైనా జవాబు చెప్పడానికి ఈ నెలాఖరు వరకే గడువని, ఆ తర్వాత మూడు సీట్లూ పోతాయని చెప్పి మమ్మల్ని తలుపు దాకా సాగనంపాడు. మామయ్య తలుపు దాటి మెట్ల మీద ఆగిపోయాడు.

"మీరు పదండక్కా. నేను ఇక్కడ కూర్చుంటాను."

"ఎందుకురా?"

"ఫిర్యాదున్న మనిషి గబుక్కున లోపలికి వెళ్ళడు. మెట్ల మీద ఆగి ఏమనాలో తనలో తాను అనుకుని చూసుకుంటాడు. ఇన్నేళ్ళ అనుభవం నాది."

అన్నట్టుగానే మర్నాటి నుంచి ఒక ఫ్లాస్కులో టీ, రెండు స్టీలు గ్లాసులు పెట్టుకుని మెట్ల మీద మకాం పెట్టాడు. కన్సల్టెన్సీకి వచ్చేవాళ్ళు ఆయన్ను దాటుకుని వెళ్ళాలి. మొహం వేలాడేసుకున్నవాడు కనిపిస్తే చాలు, టీ పోసి, "ఊఁ, చెప్పండి, ఏమైంది?" అనేవాడు. ఒకతను గోడ మీద తన ఫోటో వంకరగా తగిలించారని గొడవ పెట్టుకోవడానికి వచ్చాడు. మామయ్య అది కూడా ఓపిగ్గా విన్నాడు. ఇంకొకతను దిగులుగా ఉన్నాడని కూర్చోబెడితే, పాపం అతనికి పంటినొప్పి, యూనివర్సిటీ మాత్రం చాలా బాగుందట. మామయ్య ఆ రోజు నిరాశగా ఇంటికి వచ్చాడు.

ఆ వారం చివర ఆయన కోరుకున్న మనిషి దొరికింది. ఒక పెద్దావిడ మెట్ల మీద నిలబడి గోడ వైపు తిరిగి, "నా కూతురి జీవితం ఏం చేశారయ్యా మీరు" అని మూడు రకాలుగా అనుకుని చూసుకుంటోంది. మామయ్య ఆవిడకు టీ ఇచ్చాడు. ఆవిడ కూతురు కొండ యూనివర్సిటీలో ఈ కోర్సే చదివింది, కిందటి బ్యాచ్. ఉద్యోగం రాక తిరిగొచ్చేసింది. వచ్చిన రోజు నుంచి గదిలో తలుపేసుకుని కూర్చుంది. మామయ్య ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చినప్పుడు ఆయన కళ్ళు మెరుస్తున్నాయి.

"నలుగురిలో ఒకరు దొరికారక్కా."

ఆ ఆదివారం నన్ను కూడా లాక్కెళ్ళాడు. మూడో అంతస్తులో చిన్న ఇల్లు. పెద్దావిడ మొహమాటంగా, "వచ్చిన చుట్టాలందరూ ఆ తలుపు ముందు నిలబడి ఉపన్యాసం ఇచ్చి పోతున్నారండీ. అది ఇంకా బిగుసుకుపోతోంది. మీరైనా..." అంది. మామయ్య ఆ తలుపు పక్కన నేల మీదే చతికిలబడ్డాడు.

"అమ్మా, నేను సలహా చెప్పడానికి రాలేదు. నాకు సలహాలు రావు. అడగడానికి వచ్చాను. మా మేనకోడలు నువ్వు చదివిన చోటికి వెళ్దామనుకుంటోంది. అక్కడ ఏం బాగాలేదు?"

మామయ్య ఫ్లాస్కు మూత తీసి టీ పోసుకున్నాడు. ఫిర్యాదుల విభాగంలో పనిచేసినవాడికి అవతలి మౌనం ఒక లెక్క కాదు. చాలాసేపటికి లోపలి నుంచి చిన్న గొంతు వినిపించింది.

"కుర్చీలు."

మామయ్య నిటారుగా కూర్చున్నాడు. "కుర్చీలకేమైంది తల్లీ?"

"గట్టిగా ఉంటాయి."

"వీపు దగ్గరా, కిందా?"

"...రెండుచోట్లా."

"అయ్యయ్యో" అన్నాడు మామయ్య మనస్ఫూర్తిగా. ఆ రోజుకు అంతే. తిరిగి వచ్చేటప్పుడు ఆయన పరమానందంగా ఉన్నాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. నా భవిష్యత్తు అంతా ఒక కుర్చీ మెత్తదనం దగ్గర ఆగిపోయింది.

ఆ తర్వాత మామయ్య రోజు విడిచి రోజు వెళ్ళాడు. గ్రంథాలయం తొందరగా మూసేస్తారని, గాలికి గొడుగు తిరగబడుతుందని, హాస్టల్లో వేడినీళ్ళు ముందు లేచినవాళ్ళకేనని వార్తలు మోసుకొచ్చాడు. మెల్లగా తలుపు వెనక అమ్మాయి తలుపును బెత్తెడు తెరిచి మాట్లాడుతోందట. మామయ్య రెండో స్టీలు గ్లాసు కూడా ఆ సందులోంచి అందుకుంటోందట. నెలాఖరు దగ్గర పడుతున్నా, ఉద్యోగం ఎందుకు రాలేదన్న ప్రశ్న మాత్రం ఆయన అడగలేదు.

"అడగవేరా?" అమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది. "ఆ ఒక్క ముక్క అడిగి రావడానికి ఇన్ని రోజులా?"

"వచ్చిన ప్రతివాడూ అదే అడిగాడక్కా. నేను గొడుగు దగ్గరే ఉన్నాను ఇంకా."

గడువు చివరి రోజు వచ్చింది. సాయంత్రం ఐదింటికి ఆఫీసు మూసేస్తారు, ఆ లోపల నేను ఏదో ఒక పేరు చెప్పాలి. మధ్యాహ్నం మామయ్య ఫ్లాస్కు పట్టుకుని, "పద, వెళ్దాం" అన్నాడు. నాకు కోపం ఆగలేదు.

"మామయ్యా, ఇది ఫ్యాను కాదు. నా బతుకు. పొరపాటైతే నేను మళ్ళీ ఆ పట్టీల దగ్గరికే. నీకిది ఆటైపోయింది."

మామయ్య మొహం కొంచెం చిన్నబోయింది. "అయితే నువ్వే అడుగు" అన్నాడు.

అడగడానికే వెళ్ళాను. మూడో అంతస్తు ఎక్కి, చెప్పులు విప్పి, ఆ బెత్తెడు సందు ముందు నిలబడి, మొహమాటం లేకుండా అడిగేశాను.

"అక్కా, నీకు ఉద్యోగం ఎందుకు రాలేదు? నేను సాయంత్రం లోపల చెప్పాలి. నిన్ను తప్ప అడగడానికి నాకు ఎవరూ లేరు."

పెద్దావిడ వంటింటి గుమ్మంలో నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మామయ్య టీ పోయడం ఆపేశాడు. తలుపు తెరుచుకుంది. నాకన్నా నాలుగైదేళ్ళు పెద్దది, జుట్టు ముడి వేసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, నన్ను పైనుంచి కిందకు చూసింది.

"నిజంగా ఇవాళేనా గడువు?"

"నిజంగా."

"కూర్చో" అని, మా ఎదురుగా నేల మీద కూర్చుంది.

క్లాసులో ఆమెకు మంచి మార్కులే వచ్చాయి. పాఠాలన్నీ ఇంగ్లీషులోనే. చివరి ఏడాది ఆసుపత్రిలో శిక్షణకు పంపారు. అక్కడ ఒక ముసలాయనకు కొత్త కాలు తొడిగింది. ఆయన ఆ దేశపు భాషలో ఏదో అన్నాడు. బాగుందంటున్నాడనుకుని ఈమె తల ఊపి పట్టీ ఇంకాస్త బిగించింది. ఆయన గుచ్చుకుంటోందని చెప్తున్నాడు. పెద్దమనిషి, పాపం, ఈమె మొహం చూసి ఊరుకుని, కుంటుకుంటూ వెళ్ళిపోయాడు.

"రోగికి ఇంగ్లీషు రాదు చెల్లీ. ఎందుకు రావాలి, అది ఆయన ఊరు. ఏ ఆసుపత్రికి వెళ్ళినా మర్యాదగా ఒకటే మాట, ముందు భాష నేర్చుకుని రండి అని. ఆ సంగతి పుస్తకంలో లేదు. ఆఫీసులో ఎవరూ చెప్పలేదు."

"మరి ఆ తొంభై ఆరుగురికి ఎలా వచ్చాయి?"

"వాళ్ళది ఆ దేశమే. మా బ్యాచ్‌లో బయటి నుంచి వెళ్ళింది నలుగురమే."

నూటికి తొంభై ఆరని ఇన్నాళ్ళూ మురిసిపోయింది నా లెక్క కాదు. నేను వెళ్తే ఏ గుంపులో చేరతానో ఆ గుంపులో ఒక్కరికీ ఉద్యోగం రాలేదు. మామయ్య మొదటి రోజే అడిగింది నన్ను గురించే, ఆయనకే తెలియకుండా.

తర్వాత ఆమె ఆగలేదు. ఆ ముసలాయన ఇంటికి క్షమించమని అడగడానికి వెళ్ళిందట. ఆయన కాఫీ ఇచ్చి, తన కాలి మీద ఉన్న ఫిర్యాదులన్నీ ఒక్కొక్కటే, మెల్లగా, చేత్తో చూపిస్తూ చెప్పాడట. ప్రతి వారం వెళ్ళింది. అలా భాష వచ్చింది. వచ్చేసరికి అక్కడ ఉండనిచ్చే గడువు అయిపోయింది. ఆ ముసలాయన ఎలా సణుగుతాడో ఆయన భాషలోనే చేసి చూపించింది. మామయ్య పడీపడీ నవ్వాడు, ఆమె కూడా నవ్వింది. పెద్దావిడ కొంగు తీసి ఏడవడం మొదలుపెట్టింది, కూతురు నవ్వగా ఆవిడ విని చాలా కాలమైందట.

మేం కిందకు దిగి కన్సల్టెన్సీకి పరుగెత్తేసరికి అద్దాల తలుపుకు తాళం పడింది. నేను మామయ్య రోజూ కూర్చునే మెట్టు మీదే కూలబడి ఏడ్చాను. మామయ్య పక్కన కూర్చుని గ్లాసులో మిగిలిన టీ పోసి అందించాడు. ఆయన మొహంలో ఏ కంగారూ లేకపోవడం చూసి నాకు ఇంకా ఏడుపొచ్చింది.

మర్నాడు ఆఫీసు తలుపు తీసేసరికి అమ్మ, నేను, మామయ్య అక్కడున్నాం. నాన్న కూడా వచ్చాడు, అంటే పరిస్థితి అంత విషమించింది. అమ్మ చేతులు జోడించి, "బాబూ, ఒక్క రోజు ఆలస్యమైంది, ఎలాగైనా..." అని మొదలుపెట్టింది.

కన్సల్టెంటు అయోమయంగా చూశాడు. "ఆలస్యమేంటి మేడమ్? మీకు ఇంకో నెల టైముంది కదా."

"ఇంకో నెలా?"

"మీ తమ్ముడుగారు ఆ మెట్ల మీద నుంచి లేస్తానంటే మూడు యూనివర్సిటీలతోనూ నేనే మాట్లాడి గడువు పెంచించాను. మొదటి వారంలోనే. గడువు పెరిగింది కానీ ఆయన లేవలేదు."

అమ్మ మెల్లగా వెనక్కి తిరిగింది. మామయ్య తల పైకెత్తి ఆ ఆఫీసు ఫ్యాను తిరిగే తీరును శ్రద్ధగా పరిశీలిస్తున్నాడు.

"కొంచెం టకటకలాడుతోంది" అన్నాడు.

నాన్న ఫక్కున నవ్వాడు. తటస్థ దేశం నోరు విప్పడం చూసి అమ్మ తిట్టాలనుకున్నది మర్చిపోయింది. అక్కణ్ణించి మామయ్య ఇంటికి వెళ్ళాక ఆయన్ను నిలదీశాను. గడువుందని నాకెందుకు చెప్పలేదని అడిగాను. ఆయన గోళ్ళు చూసుకుంటూ సంజాయిషీ ఇచ్చాడు.

"చెప్తే నువ్వు తాపీగా ఉండేదానివి. తాపీగా ఉన్నవాళ్ళు అడిగితే ఆ పిల్ల తలుపు తీయదు. నేను ముసలివాణ్ణి, నేను ఏ కొండెక్కి చదవాలని? నీకైతే నిజంగా అవసరం. అది ఆ పిల్లకు కనపడాలి."

అప్పుడు, అంతవరకూ గుమ్మంలో నిలబడి వింటున్న అత్తయ్య నన్ను పక్కకు పిలిచింది.

"ఆ లెక్కల మాస్టారి ఫ్యాను గుర్తుందా నీకు? మీ మామయ్య దాన్ని ఎండాకాలం మొదట్లోనే కొనేశాడు."

"మరి బిగించింది వానల్లో కదా అత్తయ్యా."

"అటక మీద దాచాడు. పాత దుప్పట్లు తీస్తుంటే అట్టపెట్టె దొరికింది. నేను కింద పేపరుతో విసురుకుని చస్తుంటే అది పైన హాయిగా పడుకుని ఉంది. ఇదేంటని గట్టిగా అడిగితే చెప్పాడు. ఆ మాస్టారు ఒంటరి మనిషి. కంపెనీకి రోజూ ఫోన్ చేసేది ఫ్యాను కోసం కాదు, అవతల ఎవరో ఒకరు ఊఁ కొడతారని. ఈయన రిటైరయ్యాక ఆ ఫోన్ తీసి వినేవాడు లేడు. 'ఫ్యాను బిగించేస్తే ఇక ఏ వంకతో వెళ్ళను' అన్నాడు."

"నువ్వేం చేశావు?"

"ఏం చేస్తాను? పెట్టె మూత మూసి మళ్ళీ అటకెక్కించి, వానలొచ్చేదాకా హాల్లో పడుకున్నాను" అని, అత్తయ్య వంటింట్లోకి వెళ్ళి తలుపు ధడేలుమని వేసింది.

నాకు ఆ తలుపు మీద, ఆ మనిషి మీద, గోళ్ళు చూసుకుంటున్న మామయ్య మీద ఒక్కసారిగా పట్టలేనంత ప్రేమ వచ్చింది. బాగుపడినవాణ్ణి ఊరంతా అడుగుతుంది. దెబ్బతిన్నవాడికి ఊరంతా చెప్తుంది, ఎవరూ అడగరు. మామయ్య జబ్బు అంతా ఆ అడగడమే.

యూనివర్సిటీ నేనే ఏరుకున్నాను. కొండ అన్నాను. అమ్మ గుడ్లప్పగించి చూసింది.

"అంతా విని కూడా అదేనా?"

"దాని జబ్బేమిటో తెలుసమ్మా. సముద్రానికీ కార్లకీ ఏ జబ్బుందో ఎవరికి తెలుసు?"

అమ్మ కుర్చీలో కూలబడి, "ఇది కూడా వాడిలాగే తయారైంది" అంది.

బయల్దేరే దాకా రోజూ ఆ అక్క దగ్గర ఆ భాష నేర్చుకున్నాను. నమస్కారాలూ కుశలప్రశ్నలూ తర్వాత చూసుకుందామని, మొదటి పాఠంగా నొప్పి, బిగుతు, గుచ్చుకుంటోంది, జారిపోతోంది, రాత్రి నిద్ర పట్టలేదు అనే మాటలు నేర్పింది. మామయ్య పక్కనే కూర్చుని, చదువంటే ఇదీ అని తల ఊపేవాడు. కొండ మీద కుర్చీలు నిజంగానే గట్టిగా ఉన్నాయి, వీపు దగ్గరా కిందా. గొడుగు తిరగబడింది. అన్నీ ముందే తెలుసు కాబట్టి దేనికీ బెంబేలు పడలేదు. ఆసుపత్రి శిక్షణలో ఒక పెద్దాయన కొత్త కాలు తొడుక్కుని ఆ దేశపు భాషలో సణగడం మొదలుపెడితే, నేను కుర్చీ ముందుకు లాక్కుని కూర్చుని, "ఊఁ, చెప్పండి, ఏమైంది?" అన్నాను. చదువు పూర్తయ్యాక ఆ ఆసుపత్రిలోనే ఉద్యోగం ఇచ్చారు.

మొదటి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు మామయ్య నన్ను కన్సల్టెన్సీ భవనానికి తీసుకెళ్ళాడు. పై అంతస్తులో అక్క భాషల క్లాసు పెట్టింది. కొండకు వెళ్ళే పిల్లలను కన్సల్టెంటే ముందు అక్కడికి పంపిస్తున్నాడు, నవ్వుతూనే. గది బయట పెద్ద బోర్డు. ఈ ఏడాది భాష పరీక్ష రాసినవాళ్ళు వందమంది, గట్టెక్కినవాళ్ళు తొంభై ఆరుగురు. మామయ్య ఆ బోర్డు ముందు నిలబడి కళ్ళజోడు సర్దుకున్నాడు. ఏం జరగబోతోందో నాకు అర్థమైపోయింది.

"అమ్మా, మిగతా నలుగురి ఫోన్ నంబర్లు ఇస్తావా?"

అక్క ఏమాత్రం తడబడలేదు. చాక్‌పీసు పొడి దులుపుకుంటూ లోపలి గది వైపు చూపించింది.

"నంబర్లెందుకు మామయ్యగారూ, నలుగురూ లోపలే ఉన్నారు. మీరొస్తారని కూర్చోబెట్టాను. టీ కూడా పెట్టాను, గ్లాసులు మాత్రం మీవి తీయండి."